రోడ్డు వారనున్న పార్కులో వాహనాల రొదను ఎలా తగ్గించుకోవాలి

హన్మకొండ, వరంగల్, కాజీపేట ఒకే ప్రధాన రహదారి వెంట పెరుగుతూ వచ్చి కలిసిపోయిన ఊళ్లు. అందువల్ల మన నగరంలోని పార్కుల్లో చాలావాటికి ఏదో ఒక వైపున ఆర్టీసీ బస్సులు, లారీలు, ఆటోలు ఎడతెగకుండా తిరిగే రోడ్డు ఉంటుంది. పొద్దున నడకకు వచ్చిన వారినీ, సాయంత్రం పిల్లలను తీసుకుని కాసేపు కూర్చోవడానికి వచ్చిన వారినీ ఆ రోడ్డు మోత వెంటాడుతూనే ఉంటుంది. ఈ బాధ గురించి కాలనీ సంఘంలో ఎప్పుడు మాట వచ్చినా ‘ప్రహరీ వెంట చెట్లు పెడదాం’ అన్న తీర్మానంతోనే సమావేశం ముగుస్తుంది. చెట్లు తప్పకుండా పెట్టాలి. అయితే ఒక వరుస చెట్లతో రొద తగ్గిపోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. చెవికి చేరే చప్పుడును ఎక్కువగా తగ్గించేవి రోడ్డుకూ మనకూ మధ్య ఉన్న దూరం, మెత్తటి నేల, అడ్డంగా లేచిన మట్టికట్ట. ఆకుల వంతు వీటి తరువాతే వస్తుంది. ఈ ప్రాధాన్య క్రమాన్ని పట్టించుకోకపోవడం వల్లనే ఎంతో శ్రమపడి మొక్కలు పెంచిన పార్కుల్లో కూడా బెంచీ మీద కూర్చున్న ఇద్దరు గొంతు పెంచి మాట్లాడుకోవలసి వస్తోంది. కింద చెప్పిన పనులను సాధ్యమైనంత వరకు ఇదే క్రమంలో చేపట్టండి.

1. మొక్కలు తెప్పించే ముందు రొదను కొలవండి

పార్కులో ఇప్పుడు ఎంత రొద ఉందో ముందుగా రాసి పెట్టుకోకపోతే, రేపు ఎంత తగ్గిందో చెప్పడం ఎవరి వల్లా కాదు. కొలవడానికి చేతిలోని ఫోను చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లకు నాయిస్‌క్యాప్చర్, ఐఫోన్లకు అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ తయారు చేయించిన సౌండ్ లెవల్ మీటర్ అనే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఫోను మైకు ప్రయోగశాల పరికరం కాదు కనుక అది చూపే అంకె అసలు విలువకు కొన్ని డెసిబెల్‌లు అటూ ఇటూ ఉండవచ్చు. అయినా ఒకే ఫోనుతో, ఒకే పద్ధతిలో కొలిచినప్పుడు రెండు చోట్ల మధ్య కనిపించే తేడాను నమ్మవచ్చు. మీ ఊరి ఇంజనీరింగ్ కళాశాలలో ఎవరి దగ్గరైనా అసలు మీటరు ఉంటే, ఒక పూట దాన్ని ఫోను పక్కన పెట్టి రెండింటి అంకెలకూ ఎంత ఎడం ఉందో చూసి రాసుకోండి.

యాప్‌లో ‘ఏ వెయిటింగ్’ అన్న అమరికను ఎంచుకోండి. మనిషి చెవికి లోతైన మోత కంటే మధ్యస్థాయి, పైస్థాయి శ్రుతిలో ఉన్న ధ్వనులు ఎక్కువగా వినిపిస్తాయి కాబట్టి ఆ తేడాకు తగ్గట్టు కొలతను సరిచేసే అమరిక అది. మన చట్టంలోని పరిమితులు కూడా దాని ప్రకారమే ఉన్నాయి. తెర మీద క్షణక్షణానికీ మారే అంకెను పట్టించుకోకుండా, ‘ఎల్‌ఈక్యూ’ అని చూపే సగటు విలువను తీసుకోండి. ఆ సగటును మీరే కాగితం మీద కూడి భాగించి తీయకూడదు, ఎందుకంటే డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. సమాన వ్యవధిలో ఒకసారి 60, ఇంకోసారి 70 వస్తే వాటి సగటు 65 కాదు, 67కు కొంచెం పైన ఉంటుంది. అంటే కాసేపు వినిపించిన పెద్ద మోతే మొత్తం లెక్కను పైకి లాగుతుంది. రోడ్డు మీద వాహనాల సంఖ్య సగానికి తగ్గినా కొలత పడిపోయేది 3 డెసిబెల్‌లే. 10 డెసిబెల్‌లు తగ్గితే మాత్రం చప్పుడు సగమైనట్టు చెవికి అనిపిస్తుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంటే పార్కులో ఏ మార్పు నుంచి ఎంత ఆశించాలో ముందే తెలుస్తుంది.

కొలిచే చోట్లు నాలుగు చాలు: రోడ్డు వైపు కంచె లోపల ఒకటి, నడకబాట మీద ఒకటి, పెద్దలు కూర్చునే బెంచీల దగ్గర ఒకటి, రోడ్డుకు దూరంగా ఉన్న వెనక మూలన ఒకటి. ప్రతి చోటా నేల మీద గుర్తు పెట్టుకోండి. ఫోనును నేల నుంచి సుమారు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, కవరు తీసి, మైకు రోడ్డు వైపు ఉండేలా పట్టుకుని పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడండి. గోడకు ఆనుకుని కొలిస్తే గోడకు తగిలి తిరిగివచ్చే ధ్వని కూడా లెక్కలో కలుస్తుంది, అందుకని గోడలకు మూడున్నర మీటర్ల ఎడం పాటించండి. గాలి బలంగా వీచే రోజున, వాన పడుతున్న వేళ కొలవవద్దు. పొద్దున, సాయంత్రం, రాత్రి పది దాటాక, ఇలా మూడు వేళల్లోనూ కొలవండి. పని దినాన్నీ ఆదివారాన్నీ విడివిడిగా నమోదు చేయండి.

చలికాలపు తెల్లవారుజామున దూరపు రోడ్డు మోత కూడా దగ్గరగా వినిపిస్తుంది. ఆ వేళ నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి కాస్త వెచ్చగా ఉండడంతో పైకి పోవలసిన ధ్వని కిందికి వంగి దూరదూరాలకు చేరుతుంది. అందుచేత డిసెంబరు కొలతను మే నెల కొలతతో పోల్చి మంచిచెడ్డలు తేల్చకూడదు.

నోటుబుక్కులో ఒక్కో కొలతకూ ఒక్కో వరుస కేటాయించండి. ‘సాయంత్రం 6.10 నుంచి 6.25, వెనక బెంచీ, సగటు 64, బస్సులు 9, లారీలు 2, హారన్లు 41, గాలి లేదు’ అన్న నమూనాలో రాస్తే సరిపోతుంది. హారన్లను ఒక మనిషి కూర్చుని గీతలు గీస్తూ లెక్కపెట్టాలి. ఈ గీతలకు ఎంత విలువ ఉందో రోడ్డు మీద చేయవలసిన పనుల దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

2. వచ్చిన అంకెను చట్టంతో పోల్చండి

ధ్వని కాలుష్య నియంత్రణ నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55, రాత్రి పరిమితి 45 డెసిబెల్‌లు. వాణిజ్య ప్రాంతంలో అవి 65, 55. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే నిశ్శబ్ద మండలంలో 50, 40. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పగలుగా, ఆ తరువాత రాత్రిగా లెక్క. ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల గానీ, అదాలత్ కోర్టుల దగ్గర గానీ, ఏదైనా బడి పక్కన గానీ మీ పార్కు ఉంటే ముందుగా ఆ 100 మీటర్లను టేపుతో కొలిచి చూసుకోండి. నిశ్శబ్ద మండలంలో పడే పార్కుకు చట్టం నుంచి దొరికే అండ చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా ప్రాంతానికి ఇచ్చిన మార్గదర్శకాలు రోడ్డు రొద రోజు మొత్తం మీద 53, రాత్రివేళ 45 డెసిబెల్‌లు దాటకూడదని చెప్పాయి. అది మనకు చట్టం కాకపోయినా ఆరోగ్యం దృష్ట్యా మంచి గీటురాయి.

3. ఎవరు ఎక్కడ కూర్చోవాలో మార్చండి

పైసా ఖర్చు లేకుండా వెంటనే ఫలితమిచ్చే పని ఇది. బారుగా సాగే రోడ్డు నుంచి వచ్చే రొద, మెత్తటి నేల మీదుగా ప్రయాణించినప్పుడు, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు నాలుగున్నర డెసిబెల్‌లు తగ్గుతుంది. నేల గట్టిదైతే ఆ తగ్గుదల 3 డెసిబెల్‌ల దగ్గరే ఆగుతుంది. రోడ్డుకు 10 మీటర్ల దూరంలో 70 ఉందనుకుందాం. గడ్డి నేల మీద 20 మీటర్ల దగ్గర 65.5, 40 మీటర్ల దగ్గర 61, 80 మీటర్ల దగ్గర 56.5 ఉంటాయి. అదే సిమెంటు పరిచిన నేలయితే 80 మీటర్ల దగ్గర కూడా 61 దాకా మిగిలే ఉంటుంది. అర ఎకరం పార్కు చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు 45 మీటర్లకు మించదు కనుక, మనకున్న ప్రతి మీటరునూ జాగ్రత్తగా వాడుకోవాలి.

బండ్లు నిలిపే చోటు, షటిల్, వాలీబాల్ కోర్టులు, నీళ్ల ట్యాంకు, తోటమాలి గది వంటివి రోడ్డు వైపుకు జరపండి. ట్యాంకు, గది వంటి కట్టడాలు అక్కడ ఉంటే వాటి వెనక భాగానికి చాటు కూడా దొరుకుతుంది. పెద్దల బెంచీలు, యోగా చేసే గద్దె, చదువుకునే పిల్లల చోటు దూరపు మూలకు పోవాలి. చిన్నపిల్లల ఊయలలు, జారుడుబల్లలు కూడా రోడ్డుకు దూరంగానే ఉండాలని నా గట్టి అభిప్రాయం. రొదతోపాటు పొగ కూడా వాళ్లకు తగలకుండా ఉంటుంది. మన పార్కుల్లో ఆట సామాను గేటులోకి రాగానే కనిపించేలా రోడ్డు పక్కనే బిగించడం ఆనవాయితీ అయింది. దాన్ని మార్చమని సంఘం అడగాలి.

4. నేలను సిమెంటుతో కప్పనివ్వకండి

గడ్డి, వదులు మట్టి, రాలిన ఆకుల పొర మధ్యస్థాయి ధ్వనిని తమలోకి తీసుకుంటాయి. పేవర్ టైల్స్, కాంక్రీటు దాన్ని తిరిగి పైకి కొడతాయి. నీటి ఉపరితలం కూడా ధ్వని విషయంలో గట్టి నేల లాంటిదే కావడంతో, భద్రకాళి చెరువు కట్ట వంటి చోట్ల నీటి మీదుగా వచ్చే మోత గడ్డి మైదానం మీదుగా వచ్చిన దానంత తొందరగా తగ్గదు. అభివృద్ధి నిధులు వచ్చినప్పుడల్లా నడకబాటను వెడల్పు చేసి టైల్స్ పరచాలన్న ప్రతిపాదన వస్తుంది. బాటను మొరం వేసి తొక్కించిన మట్టిబాటగానే ఉంచండి. మోకాళ్ల నొప్పులున్న వారికి కూడా అదే హాయి. చెట్ల కింద రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే పరిచి ఉంచమని తోటమాలికి చెప్పండి.

5. రోడ్డు వైపు మట్టికట్ట వేయండి

బడ్జెట్ ఒక్క పనికే సరిపోతుందంటే ఆ డబ్బు మొత్తం కట్ట మీద పెట్టండి. కూర్చున్న మనిషి కంటికి రోడ్డు మీది వాహనం కనిపించకుండా చేసే సందులేని అడ్డు ఏదైనా సుమారు 5 డెసిబెల్‌ల తగ్గుదల ఇస్తుంది. ఆ చూపు గీతను దాటి ఇంకా లేచే ప్రతి మీటరు ఎత్తుకూ దాదాపు ఒకటిన్నర డెసిబెల్‌లు కలుస్తాయి. అదే ఎత్తున్న గోడ కంటే మట్టికట్ట మరో 3 డెసిబెల్‌ల వరకు మెరుగ్గా పనిచేస్తుంది. గోడ రోడ్డు మోతను ఎదురుగా ఉన్న ఇళ్ల మీదికి తిప్పికొడుతుంది, గడ్డి పట్టిన కట్ట వాలు దాన్ని చాలావరకు మింగుతుంది. ఇనుప గ్రిల్ కంచెకు మాత్రం ఈ విషయంలో ఏ విలువా లేదు. అందం కోసం, లోపలి పచ్చదనం బయటికి కనిపించడం కోసం పాత ప్రహరీ తీసి గ్రిల్ పెట్టిన పార్కులో రొద పెరిగిందని నడకకు వచ్చేవారు చెబితే అది వాళ్ల భ్రమ కాదు.

టైరు మోత నేల మట్టంలో పుడుతుంది. ఇంజన్, హారన్ శబ్దాలు మీటరు అటూ ఇటూ ఎత్తులో పుడతాయి. బెంచీ మీద కూర్చున్న వారి చెవి నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. కాబట్టి 2 మీటర్ల కట్ట వేస్తే కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు చాటుకు పోతాయి. లారీ, బస్సుల పైభాగం కనిపించినా వాటి టైరు మోతలో ఎక్కువ పాలు ఆగుతుంది. వాలు నిలవాలంటే ఎత్తుకు రెండింతల అడ్డు కొలత ఇవ్వాలి. ఆ లెక్కన 2 మీటర్ల ఎత్తు, పైన మీటరు వెడల్పు ఉన్న కట్టకు అడుగున 9 మీటర్లు కావాలి. అంత జాగా లేని పార్కుల్లో రోడ్డు వైపు రాతి గోడ నిలువుగా కట్టి, లోపలి వైపు మాత్రమే వాలు ఇస్తే అడుగు వెడల్పు 5 మీటర్లకు తగ్గుతుంది. మన చుట్టుపక్కల రాయికి కొదవ లేదు కనుక ఆ పద్ధతే మన కాలనీలకు నప్పుతుంది. ఈ రెండో రకం కట్టకు మీటరు పొడవుకు 6 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. 40 మీటర్ల పొడవుకు 240 ఘనపు మీటర్లు, ట్రాక్టరు ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున సుమారు 80 ట్రిప్పులు. ఈ లెక్కను దరఖాస్తులో రాస్తే అధికారులు మాటను కొట్టిపారేయలేరు.

కట్ట లోపలి భాగానికి మొరం, పైన అడుగు మందాన సారవంతమైన మట్టి వాడండి. చెరువుల పూడిక మట్టి పై పొరకు బాగా పనికొస్తుంది, మొక్క తొందరగా పట్టుకుంటుంది. కట్ట మొత్తాన్ని ఒండ్రుమట్టితోనే పోస్తే మాత్రం ఎండకు పగుళ్లిచ్చి, మొదటి పెద్ద వానకు జారుతుంది. పూడిక మట్టిని అనుమతి లేకుండా తెచ్చుకోకూడదు, సాగునీటి శాఖ అధికారులను ముందే అడగండి. పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస చేయించి, తొలకరికి ముందే గడ్డి నాటించండి. పార్కులోని వాననీరు బయటికి పోయే దారిని కట్ట మూసేయకుండా అడుగున గొట్టాలు పెట్టించడం మరవవద్దు.

కట్ట పొట్టిగా ఉంటే ధ్వని రెండు చివరల నుంచి చుట్టూ తిరిగి వస్తుంది. మీరు కట్టకు ఎంత దూరంలో కూర్చుంటారో, దానికి నాలుగింతల పొడవు ఎడమవైపు, నాలుగింతల పొడవు కుడివైపు ఉండాలన్నది సాధారణ సూత్రం. 15 మీటర్ల వెనక కూర్చునేవారికి ఇది 120 మీటర్ల కట్ట అవుతుంది, కాలనీ పార్కులో అది కుదరని పని. అందుకని కట్ట చివరలను పార్కు లోపలికి వంచి, పక్క ప్రహరీలతో కలిపేయండి. గేటును కూడా రోడ్డు వైపు నుంచి పక్క గల్లీకి మార్చగలిగితే మరీ మంచిది. మార్చలేకపోతే గేటుకు ఎదురుగా, లోపల కొద్ది దూరంలో ఇంకో చిన్న కట్ట వేసి, మనుషులు దాని పక్కనుంచి తిరిగి వచ్చేలా చేయండి.

6. ఇప్పుడు మొక్కలు నాటండి

ఆకులు ఎంత పని చేస్తాయో నిజాయితీగా తెలుసుకుని నాటితే తరువాత నిరాశ ఉండదు. బహిరంగ ప్రదేశంలో ధ్వని ప్రయాణాన్ని లెక్కించే ఐఎస్‌ఓ 9613 ప్రమాణం ప్రకారం 10 నుంచి 20 మీటర్ల మందమున్న దట్టమైన ఆకుల గుండా పోయిన మధ్యస్థాయి ధ్వని తగ్గేది 1 డెసిబెల్ మాత్రమే. అవతలి వస్తువు ఏమాత్రం కనిపించనంత దట్టంగా 61 మీటర్ల మేర పెరిగిన చెట్లు 10 డెసిబెల్‌లు తగ్గిస్తాయని అమెరికా ఫెడరల్ హైవే విభాగం చెబుతుంది. అంత వెడల్పు చెట్లకే ఇచ్చే వీలు మన కాలనీ పార్కుల్లో లేదు. ఆకులు హారన్ వంటి పదునైన ధ్వనిని కొంత చెదరగొట్టగలవు కానీ, లారీ ఇంజన్ లోతైన గురగురను ఆపలేవు.

మరి మొక్కలెందుకంటే, వాటి వేళ్లు, రాలిన ఆకులు నేలను మెత్తగా ఉంచుతాయి, కట్టను కోసుకుపోకుండా పట్టుకుంటాయి, నీడనిస్తాయి, దుమ్మును ఆపుతాయి. వాహనాలు కంటికి కనిపించకుండా పచ్చదనం కనిపించినప్పుడు అదే మోత మనసును తక్కువగా బాధపెడుతుందని ఈ రంగంలో జరిగిన అధ్యయనాలు చాలావరకు తేల్చాయి. ఆకుల గలగల, పిట్టల కూతలు చెవికి మరో ఆసరా ఇస్తాయి. ఇవన్నీ నిజమైన లాభాలే.

నాటేటప్పుడు నేల మట్టం నుంచి పైదాకా ఆకు ఉండేలా మూడు అంతస్తులుగా ఆలోచించండి. రోడ్డుకు దగ్గరి వరుసలో గోరింట వంటి పొదను అడుగున్నర ఎడంతో, రెండు వరుసలుగా, ఒకదాని సందులో ఒకటి వచ్చేలా పెట్టండి. గన్నేరు ఎండకూ పొగకూ తట్టుకుంటుంది గానీ దాని ప్రతి భాగమూ విషమే కనుక పిల్లలు తిరిగే వైపు వద్దు. రెండో వరుసలో, నర్సరీల వాళ్లు అశోక అని అమ్మే నరమామిడిని మీటరున్నర ఎడంతో నాటితే కొమ్మలు నేల దాకా వేలాడి తెరలా నిలుస్తాయి. వెదురు పొదలు కూడా ఈ వరుసకు తగినవే. మూడో వరుసలో కానుగ, నేరేడు, పొగడ వంటి గుబురు చెట్లు నాలుగైదు మీటర్ల ఎడంతో ఉండాలి. టేకు, మోదుగ ఎండాకాలం నాటికి ఆకు రాల్చి బోసిపోతాయి, వాటిని ఈ మూడు వరుసల పట్టీలో పెట్టవద్దు. వేప మంచి నీడ చెట్టే అయినా కొత్త చిగురుకు ముందు కొన్నాళ్లు పలచబడుతుంది కనుక లోపలి భాగంలో పెట్టుకోండి. కరెంటు తీగల కింద పొడవు పెరిగే జాతులు పెడితే విద్యుత్ సిబ్బంది ఏటా తలలు నరికిపోతారు, అక్కడ పొదలతోనే సరిపెట్టండి.

రెండడుగుల లోతు, వెడల్పుల గుంతలను రోహిణి కార్తె ఎండలకే తీసి ఆరబెట్టి, చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపిన మట్టితో నింపి, మృగశిర, ఆరుద్ర వానలకు నాటండి. ఎర్ర చెలక నేలల్లో తేమ నిలవదు కనుక మొదటి రెండు వేసవులూ పాదులకు నీళ్లు, పైన ఎండుటాకుల కప్పు తప్పనిసరి.

ఆపై అతి ముఖ్యమైన జాగ్రత్త కత్తి దగ్గర ఉంది. మన పార్కుల్లో చెట్టు కాస్త ఎదగగానే మనిషి ఎత్తు దాకా కొమ్మలన్నీ కొట్టేసి, మొదలుకు జాజు, సున్నం పట్టీలు పూయడం అలవాటు. ఆ చెట్ల పై గుబురు ఎంత పచ్చగా ఉన్నా, కింద మిగిలిన మొండి మానుల సందుల్లోంచి టైరు మోత నేరుగా వస్తుంది. రోడ్డు వైపు పట్టీలో కింది కొమ్మలు ముట్టుకోవద్దని తోటమాలికి స్పష్టంగా చెప్పండి. పట్టీ ఎంత చిక్కగా ఉందో చూడడానికి చీకటి పడ్డాక బెంచీ దగ్గర గొంతుకు కూర్చుని రోడ్డు వైపు చూడండి. స్కూటరు దీపపు వెలుగు ఆకుల మధ్య తునకలు తునకలుగా మెరుస్తూ పక్కకు జరిగిపోతుంటే అక్కడ సందులున్నట్టే. ఆ చోట్లకు ఎదురుగా పుల్లలు పాతి, తెల్లవారాక వాటి దగ్గర కొత్త మొక్క పెట్టండి.

7. దట్టమైన పొద, ఆడవాళ్ల భద్రత

పార్కును కంటికి అందకుండా మూసేస్తే చీకటిపడ్డాక ఆడవాళ్లు, ఆడపిల్లలు అక్కడికి రావడానికి జంకుతారు. రొద తగ్గించే పేరుతో వాళ్లను పార్కుకు దూరం చేయడం అన్యాయం. అందుకని కట్ట, మూడంతస్తుల పట్టీ రోడ్డు వైపుకే పరిమితం చేయండి. ఇళ్లున్న మిగతా మూడు వైపులా, కట్ట చివరలను కలిపిన ప్రహరీ భాగం తప్ప, మోకాలి ఎత్తు పొదలు, తెరిచి ఉన్న గ్రిల్ కంచె, నిండుగా దీపాలు ఉండాలి. కట్ట వెనక దాక్కునే మూలలు మిగలకుండా నడకబాటను దాని పాదం వెంబడే పోనివ్వండి. బెంచీలు ఎక్కడ వేయాలన్నది నిర్ణయించే ముందు కాలనీలోని ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడండి.

8. రోడ్డు మీదే రొదను తగ్గించమని అడగండి

ఇందాక గీతలు గీసి లెక్కపెట్టిన హారన్ల కాగితం ఇక్కడ పనికి వస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన 194ఎఫ్ సెక్షన్ ప్రకారం అనవసరంగా హారన్ కొట్టినా, హారన్ నిషేధించిన చోట కొట్టినా మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ చేస్తే 2,000 రూపాయల జరిమానా ఉంది. వాహనం నుంచి నిబంధనలకు మించిన శబ్దం వచ్చేలా నడిపేవారికి 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. ఏ వేళ, ఏ మలుపు దగ్గర హారన్లు ఎక్కువో మీ దగ్గర లెక్క ఉంటే, ట్రాఫిక్ పోలీసులు అదే వేళకు అక్కడ నిలబడి తనిఖీ చేయగలరు.

పార్కు ముందు స్పీడ్ బ్రేకర్ కావాలని అడిగే ముందు బాగా ఆలోచించండి. ప్రమాదాలు జరిగే చోట అది కావలసిందే. కానీ లారీలు, బస్సులు దాని దగ్గర బ్రేకు కొట్టి, దాటాక గేరు మార్చి లాగేటప్పుడు మోత పెరుగుతుంది. కారు టైరు మోత 40, 50 కిలోమీటర్ల వేగం దాటాకే ఇంజన్ శబ్దాన్ని మించుతుంది కాబట్టి, ఆ దారి పొడవునా వేగాన్ని నిలకడగా తగ్గించే ఏర్పాట్లు, గుంతలు లేని రోడ్డు, పార్కు గేటు ముందు ఆటోల నిలుపుదలను కొంచెం అవతలికి జరపడం మేలు చేస్తాయి.

9. ఎవరిని, ఎలా అడగాలి

పార్కు లోపలి పనులన్నిటికీ గ్రేటర్ వరంగల్ బల్దియా (నగరపాలక సంస్థ) ఉద్యాన విభాగానికి, మీ డివిజన్ కార్పొరేటర్‌కు కలిపి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం పురపాలక సంస్థలు తమ బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలి. మీ దరఖాస్తులో ఆ సంగతిని పేర్కొని, అందులోంచే కట్టకు, మొక్కలకు నిధులు ఇవ్వమని అడగండి. సుమారైన గీత పటం, నాలుగు చోట్ల కొలతలు, మట్టి లెక్క జతచేయండి. పాత చెట్టును తొలగించవలసి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందస్తు అనుమతి కావాలి. కట్ట కోసం పెద్ద చెట్టును బలిచేయడం కంటే కట్టనే కాస్త వంచి పోయించండి.

రొద పరిమితిని 10 డెసిబెల్‌లు గానీ అంతకు మించి గానీ దాటినప్పుడు పౌరులెవరైనా ఫిర్యాదు చేయవచ్చని 2000 నాటి నియమాల్లో ఉంది. నివాస ప్రాంతంలో పగలు 65 గానీ, ఆ పైన గానీ వస్తే ఆ హక్కు మీకు ఉన్నట్టే. పోలీసు అధికారులకు, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ప్రతులు ఇచ్చి, ఫోను కొలతల ఆధారంగా అసలు మీటరుతో తనిఖీ చేయించమని కోరండి. స్పందన రాకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో అదే కాగితాన్ని ఇచ్చి రసీదు తీసుకోండి.

10. మళ్లీ కొలవండి

బెంచీలు జరిపిన ఫలితం, కట్ట ఇచ్చే ఫలితం ఆ పని పూర్తయిన వారంలోనే కొలతలో కనిపించాలి. కనిపించకపోతే కట్టలో ఎక్కడో సందు గానీ, చివర తెరుచుకుని గానీ ఉంటుంది, ముందు దాన్ని వెతకండి. మొక్కల పట్టీ చిక్కబడడానికి మూడు వానాకాలాలు పట్టవచ్చు కనుక ఏటా అదే నెలలో, అవే గుర్తుల దగ్గర, అదే ఫోనుతో కొలిచి అదే నోటుబుక్కులో రాయండి. ఫోను మార్చవలసి వస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒకసారి కొలిచి, రెండింటి మధ్య తేడాను మొదటి పేజీలో నమోదు చేయండి. సంఘం కార్యవర్గం మారినప్పుడు ఖాతా పుస్తకాలతోపాటు ఈ నోటుబుక్కును కూడా కొత్త కార్యదర్శికి అప్పగించాలని తీర్మానం రాసుకోండి.